చేపలవ్వ ఊరికి రెండు గోతాల బంకమట్టితో

సముద్రం చూడాలని ఉందని ఇంట్లో చెప్పి బయలుదేరాను గానీ, నేను చూడాలనుకున్నది సముద్రాన్ని కాదు, ఒక ముసలావిడను. ఆమె పేరు నాకు తెలియదు. ఊరు కూడా సరిగ్గా తెలియదు. మాది కోవూరు పక్కన చిన్న పల్లె. నా చిన్నప్పుడు కోతలైపోయి కళ్లాల్లో మొలగొలుకుల వడ్లు రాశులు పోసే రోజుల్లో, ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని ఆమె మా ఊరికి వచ్చేది. చేపలిచ్చి వడ్లు కొలిపించుకుని పోయేది. మేము చేపలవ్వ అనేవాళ్లం. ఏడెనిమిదేళ్లు ప్రతి పంటకూ మా గడప దగ్గరికి వచ్చిన మనిషిని మా ఇంట్లో ఒక్కరూ పేరు అడగలేదు. ఆమె కూడా మమ్మల్ని పేర్లతో పిలిచింది లేదు. వడ్లు పోసుకునే గుండ్రటి గరిసె మా ఇంటి ముందు ఊళ్లో అందరికంటే పెద్దది ఉండేది. అందుకని మా నాయన తల్లిని, అంటే మా జేజిని, 'గరిసె ఇంటామె' అనేది. నన్ను 'బంగారూ' అనేది.

నాకు మూడేళ్లు నిండకముందే అమ్మ పోయింది. జేజి నాకు అన్నానికి, బట్టకు ఏ లోటూ చేయలేదు. కానీ ఆమెకు పది ఎకరాల వ్యవసాయం, నలుగురు కొడుకుల సంసారం. నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకునే తీరిక ఆమెకెక్కడిది? చేపలవ్వకు ఆ తీరిక ఎలా దొరికేదో నాకిప్పటికీ తెలియదు. అరుగు ఎక్కనిచ్చేవాళ్లు కాదు కాబట్టి అరుగు కింద నేలమీద కూర్చునేది. జేజి లోపల వడ్లు కొలిచేలోగా నన్ను మోకాళ్ల మధ్య కూర్చోబెట్టుకుని, నా చిక్కుల జుట్టు విడదీస్తూ సముద్రం కబుర్లు చెప్పేది. ఒక పంటకు ఆమె రాలేదు. తరువాతి పంటకూ రాలేదు. నేను పెద్దదాన్నయ్యాను, పెళ్లయింది, ఇద్దరు పిల్లల తల్లినయ్యాను. అయినా ఇప్పటికీ సంతలో ఎండుచేపల వాసన తగిలితే నాకు ప్రాణం కొట్టుకుంటుంది. అందరికీ అమ్మ అంటే పసుపో, పూలో గుర్తొస్తాయట. నాకు ఈ వాసనే గుర్తొస్తుంది. నవ్వుకునేవాళ్లు నవ్వుకోవచ్చు.

వెళ్లడానికి వంక కామాక్షమ్మగారి వల్ల దొరికింది. ఆమెది నెల్లూరు. నాలాంటి కొందరు ఆడవాళ్లను పోగుచేసి, నెలకొకసారి ఏదో ఒక పల్లె బడికి తీసుకువెళ్లి పిల్లలకు చేతిపనులు నేర్పిస్తుంటారు. జీతం బత్తెం లేని పని. పైగా దారిఖర్చులు మనవే. నేను మట్టిబొమ్మలు చేస్తాను. మా వీధి చివర కుమ్మరివాళ్ల ఇంట్లో ఆడుకుంటూ పట్టుబడిన విద్య అది. ఈసారి జువ్వలదిన్నె దగ్గర చేపలు పట్టుకునేవాళ్ల కుప్పం ఒకటుంది, అక్కడి బడికి వెళ్దామని ఆమె అన్నారు. కుప్పమంటే సముద్రపు ఒడ్డున నలభై యాభై గుడిసెల పల్లె. ఎలా వెళ్లాలని అడిగితే, బిట్రగుంటలో రైలు దిగి వెళ్లాలన్నారు. ఆ పేరు వినగానే నేను ఇంకేమీ ఆలోచించలేదు. చేపలవ్వ వచ్చినప్పుడల్లా 'బిట్రగుంటలో రైలెక్కినా' అనేది. నా దగ్గరున్న ఆనవాలు అదొక్కటే. మా ఆయన మాత్రం, సముద్రమే చూడాలంటే మైపాడుకు బస్సుంది కదా, పొద్దున పోయి మధ్యాహ్నం భోజనానికి రావచ్చు, ఇంత దూరం మట్టి మోసుకుంటూ పోవడమెందుకని వేళాకోళం చేశారు. అసలు సంగతి చెప్పడానికి నాకు సిగ్గేసింది.

సముద్రపు ఒడ్డున అంతా ఇసుకే, బొమ్మలకు పనికొచ్చే మట్టి దొరకదు. అందుకని మా చెరువులోని బంకమట్టిని ముందురోజే తొక్కించి, రాళ్లు ఏరించి, రెండు గోతాలకెత్తి, పైన తడిగుడ్డ కప్పాము. శనివారం తెల్లవారుజామున బండి కట్టుకుని పడుగుపాడు స్టేషన్‌కు చేరాను. కోవూరు వైపు వాళ్లు పెన్న దాటి నెల్లూరు దాకా పోనక్కరలేదు. ఉత్తరానికి పోయే పాసింజరు ఇక్కడ ఆగుతుంది. మూడో తరగతి టిక్కెట్టు రూపాయి కూడా కాదు. గోతాలు ఎక్కిస్తుంటే గార్డు వచ్చి ఏమిటవని అడిగాడు. మట్టి అన్నాను. మట్టికి రైలు ప్రయాణమెందుకమ్మా, అది అన్ని ఊళ్లలోనూ ఉంది కదా అన్నాడు. నెల్లూరులోనే ఎక్కి కూర్చున్న కామాక్షమ్మగారు కిటికీలోంచి తల బయటపెట్టి, "నాయనా, ఇది బడి మట్టి" అని గంభీరంగా చెప్పారు. బడి మట్టి అంటే ఏమిటో ఆయనకు తెలియలేదు, మాకూ తెలియదు. మొత్తానికి పచ్చజెండా ఊపాడు.

రైలుకు ఎడమ పక్కా కుడి పక్కా పొలాలే. కోసిన మళ్లల్లో కొంగలు, కళ్లాల్లో తూర్పార పడుతున్న మనుషులు. ఈ రోజుల్లోనే ఆమె అటు నుంచి ఇటు వచ్చేది, నేనిప్పుడు ఇటు నుంచి అటు పోతున్నాను అనుకుంటూ కూర్చున్నాను. కామాక్షమ్మగారు డబ్బా విప్పి ఇడ్లీ పెడితే తినలేకపోయాను. బిట్రగుంటలో దిగేసరికి బాగా పొద్దెక్కింది. ఇంజన్ల షెడ్డు ఉన్న ఊరు కావడంతో స్టేషన్ చుట్టూ బొగ్గు పొగే, తెల్లచీర కట్టుకుని పోవద్దు. స్టేషన్ బయట కాఫీ బాగుంటుంది. అక్కడే ఎద్దుబళ్లు ఆగుతాయి. మేము కుదుర్చుకున్న బండి మస్తానయ్యది. కాలువ రేవు దాకా తీసుకుపోయి, సాయంత్రం దాకా అక్కడే ఉండి, తిరిగి రైలుకు చేర్చడానికి మూడు రూపాయలు అడిగాడు, ఇచ్చాము. సరసమైన బేరమే.

తూర్పుకు పోయే బండిబాట మొదట్లో గట్టి నేలమీద బాగానే ఉంటుంది. పోను పోను తాటిచెట్లు, ఆ తరువాత సరుగుడు తోపులు వస్తాయి. అక్కడినుంచి ఇసుకలో ఎద్దులు తల వంచి లాగాల్సిందే. మూడు గంటల ప్రయాణం. దారిలో నేను మస్తానయ్యను మెల్లగా అడిగాను, ఎండుచేపలు అమ్మడానికి పై ఊర్లకు పోయే ముసలామె ఎవరైనా తెలుసా అని.

"ఏం పేరు?" అన్నాడు.

"పేరు తెలియదు."

"ఇంటి పేరు?"

"అదీ తెలియదు."

మస్తానయ్య వెనక్కి తిరిగి నన్నొకసారి, మట్టి గోతాలనొకసారి చూశాడు. "ఆడ ప్రతి గుడిసెలో ఒక ముసిలామె ఉంటాది మ్మా. ప్రతి ముసిలామె చేపలు అమ్మిందే. గడ్డివాములో సూది ఎతుక్కోను మట్టి ఎత్తుకోని వచ్చినారే" అన్నాడు. కామాక్షమ్మగారు ఎవరినే వెతుకుతున్నావు అని అడిగారు. అప్పుడు చెప్పక తప్పలేదు. విని ఆమె, పిల్లల పని అయ్యాకే మన పని, మాటివ్వు అన్నారు. ఇచ్చాను.

బకింగ్‌హాం కాలువ దగ్గర బండి ఆగిపోతుంది. అవతలికి దాటించడానికి బల్లకట్టు లాంటి పడవ ఒకటి ఉంటుంది. మనిషికి పది నయాపైసలు. మట్టి గోతానికి ఎంత తీసుకోవాలో పడవ నడిపే పోలయ్యకు తేలలేదు, చివరికి ఊరికే ఎక్కించాడు. గెడతో పడవను తోస్తూ, బొమ్మలు చేయించేదానికా, మంచిది మంచిది, అన్నాడు. మస్తానయ్యను అడిగిందే ఇతన్నీ అడిగాను. పేరు తెలియదని ముందే చెప్పేశాను.

"పేరెందుకు మ్మా? ఏ పక్కకు పోయే ఆమో చెప్పు" అన్నాడు పోలయ్య.

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పాడు. ఇక్కడి ఆడవాళ్లలో ఒక్కొక్కరికి ఒక్కొక్క పక్క ఉంటుందట. ఒకామెకు అల్లూరు పక్క నాలుగు ఊర్లు, ఇంకొకామెకు కావలి పక్క మూడు. అత్త పోయే ఊర్లు కోడలికి వస్తాయి. ఒకరి ఊర్లలోకి ఇంకొకరు గంప దించరు. ఆకలితో చచ్చినా దించరు. "ఈడ మొగోళ్లకు సముద్రంలో హద్దు లేదు గానీ ఆడోళ్లకు భూమ్మీద హద్దుండాది" అని నవ్వాడు. మా ఊరికి రెండో చేపలవ్వ ఎందుకు రాలేదో నాకప్పుడు తెలిసింది. ఆమె రావడం మానేశాక మా ఊరు ఖాళీగానే ఉండిపోయింది.

"కోవూరు పక్క" అన్నాను.

పోలయ్య గెడ ఆపి ఆలోచించాడు. "కోవూరు పక్కకు పోయేవాళ్లు ముగ్గురుండిరి. ఇద్దరు పోయినారు."

ఎక్కడికి పోయారని అడగబోయి ఊరుకున్నాను. మూడో ఆమె ఏ గుడిసె అంటే, దాటినాక ఎవరినైనా అడగమన్నాడు. కాలువ దాటాక మైలు దూరం ఇసుకలో నడక. చెప్పులు తీసి చేత పట్టుకోవడమే నయం. గోతాలు ఎలా అని మేము తెల్లమొహాలు వేసుకుని నిలబడితే, సరుగుడు తోపులోంచి బడిపిల్లలు మందగా వచ్చి, ఒక్కొక్క గోతానికి ఆరేడుగురు పట్టుకుని బరబరా ఈడ్చుకుపోయారు. ముగ్గురిలో ఇద్దరు పోయారన్న మాటే నా చెవిలో ఉంది. దారి పొడుగునా ఆ మూడో మనిషి మా అవ్వే కావాలని మొక్కుకున్నాను. మిగతా ఇద్దరి కోసం ఎదురుచూసిన పిల్లలు ఎవరైనా ఉంటే, వాళ్లకు అన్యాయం చేసే మొక్కు అది. అయినా మొక్కుకున్నాను.

బడి తాటాకుల పాక. ముప్పై మంది పిల్లలు, ఒక్క పంతులుగారు. ఆయన పేరు శేషయ్యగారు, మనుబోలు వైపు మనిషి. పెళ్లాంతో సహా బడి వెనకే కాపురం. పిల్లలను వరసగా చాపల మీద కూర్చోబెట్టి, ఒక్కొక్కరి ముందు కొబ్బరికాయంత మట్టిముద్ద పెట్టాము. ముందు ఎవరూ ముట్టుకోలేదు. వాసన చూశారు. ఒకడు నాకి చూసి, ఉప్పుగా లేదని పక్కవాడికి చెప్పాడు. ఎలా పిసకాలో, ఎలా అతుకులు వేయాలో నేను చూపిస్తుంటే అందరూ బుద్ధిగా చూశారు. చేయమనగానే అందరూ ఒక్కసారి లేచి బయటికి పరుగెత్తారు. ఎందుకా అని చూస్తే, చిప్పలతో నీళ్లు తెచ్చి మట్టి మీద కుమ్మరిస్తున్నారు. ఒకసారి కాదు, మాటిమాటికీ. నేను వద్దు వద్దంటున్నా ఆగలేదు. పావుగంటలో చాపలన్నీ అడుసు మళ్లయ్యాయి.

శేషయ్యగారు బెత్తం కోసం చూశారు. కామాక్షమ్మగారే ముందుగా కనిపెట్టి ఆపారు. ఆ పిల్లల తప్పేముంది? పుట్టినప్పటినుంచి ఇసుకతో ఇళ్లు కట్టిన చేతులు. ఇసుక నిలవాలంటే తడుపుతూ ఉండాలి, తడి ఆరితే కూలిపోతుంది. మట్టి అందుకు పూర్తిగా ఎదురు, ఆరితేనే నిలుస్తుంది. ఈ ముక్క వాళ్లకు చెప్పాలని మాకు తోచలేదు, ఎందుకంటే మట్టి తెలియని పిల్లలుంటారని మాకు తెలియదు. ఇంక చేసేదేముంది, అందరం కలిసి పొడి ఇసుక దోసిళ్లతో తెచ్చి ఆ అడుసులో కలిపి తొక్కాము. కామాక్షమ్మగారు చీర ఎగగట్టి తొక్కుతుంటే పిల్లలు పడి పడి నవ్వారు. మట్టి మళ్లీ గట్టిపడింది, ముందుకంటే మంచిగానే కుదిరింది. ఇలాంటి బడికి పోయేవాళ్లు నీళ్ల కుండను పిల్లల చేతికి అందకుండా ఉంచుకోవడం మేలు.

రెండోసారి మొదలుపెట్టాక ఎవరూ తల ఎత్తలేదు. పడవలు వచ్చాయి, పీతలు వచ్చాయి, మీసాలున్న రొయ్య ఒకటి వచ్చింది. నేను వరసల మధ్య తిరుగుతూ చివర కూర్చున్న ఒక పిల్ల దగ్గర ఆగిపోయాను. తొమ్మిదేళ్లుంటాయేమో. గుండ్రంగా, పొట్ట పెద్దదిగా, పైన గొడుగులాంటి మూతతో ఏదో నిలబెట్టి, దాని పక్కన అరుగు, అరుగుకు మూడు మెట్లు పెడుతున్నది.

"ఇదేంది పాపా?" అన్నాను.

"గరిసె."

ఆ తీరంలో వరి లేదు. వడ్లు లేని చోట గరిసె ఎందుకుంటుంది? నేను పిల్ల పక్కనే కూర్చున్నాను. "నువ్వు గరిసెను ఎక్కడ చూసినావు?"

"యాడా చూడలా. మా అవ్వ చెప్తాది." పిల్ల మెట్ల అంచు సరిచేస్తూనే ఉంది. "ఈ అరుగు మీద ఒకామె వడ్లు కొలస్తాది. గరిసె ఇంటామె. బలే కోపం ఆమెకు."

మా జేజి కోపం సముద్రపు ఒడ్డు దాకా పాకిందని తెలిస్తే ఆమె సంతోషించేదే. "మీ అవ్వ ఉండాదా?" అని అడిగాను.

"ఇంటికాడ ఉండాది. రొయ్యలు ఏరతా ఉంటాది. కళ్లు సరిగా ఆనవు."

అప్పటికప్పుడు ఆ పిల్ల చెయ్యి పట్టుకుని పరుగెత్తాలనిపించింది. కామాక్షమ్మగారు దూరం నుంచే నా మొహం చూసి, మాటిచ్చావు అన్నట్టు వేలు చూపించారు. ముప్పై మంది చేతులు మట్టితో ఉన్నాయి, ఎద్దుకు కొమ్ములు నిలవడం లేదని ఒకడు ఏడుస్తున్నాడు. నేను ఆ కొమ్ములు అతికించాను. పీతకు కాళ్లు లెక్కబెట్టాను. మంచి బొమ్మలు బల్లమీద వరసగా పెట్టించాను. పంతులుగారి భార్య వండిన చేపల పులుసుతో అన్నం తిన్నాను. చాలా బాగుందని కామాక్షమ్మగారు తరువాత అన్నారు, నాకు రుచి గుర్తులేదు. ఆ మధ్యాహ్నం గడిచినంత నిదానంగా నా జన్మలో ఏ పొద్దూ గడవలేదు. ఎండ కొంచెం వాలాక, ఇంక వెళ్లిరా, చీకటి పడకముందే రేవు చేరాలి అని ఆమె వదిలిపెట్టారు.

పిల్ల ముందు నడిచింది, వెనకాల నేను. దారిలో పేరడిగితే కావేరి అంది. గుడిసెల వరస దాటగానే సముద్రం కనిపించింది. ఇరవై ఆరేళ్లు దాని పక్కనే బతికి మొదటిసారి చూడడం. ఎంత పెద్దదో అంత పెద్దదిగానే ఉంది. దాన్ని చూడడానికి ఇంకోసారి వస్తాను. ఆ రోజు నాకు దానిమీద ధ్యాస లేదు.

చివరి గుడిసె నీడలో ఆమె కూర్చుని ఉంది. ఒకప్పుడు గంపెడు బరువుతో కోసులు కోసులు నడిచిన మనిషి, ఇప్పుడు చిన్న పిల్లంత అయిపోయింది. చాటలో ఎండురొయ్యలు. వేళ్లతో తడుముతూ పుల్లలు, గవ్వలు ఏరి పారేస్తున్నది. ఆ వేళ్లను నేను ఎక్కడున్నా గుర్తుపడతాను. ఆమె కోడలు, అంటే కావేరి వాళ్లమ్మ, నాకు పీట వేసింది. నేను పీట పక్కకు జరిపి ఇసుకలోనే కూర్చున్నాను.

"ఎవురమ్మా?" అంది అవ్వ.

"కోవూరు పక్క నుంచి వచ్చినా అవ్వా. గరిసె ఇంటినుంచి."

వేళ్లు ఆగిపోయాయి. "గరిసె ఇంటామె బాగుండాదా?"

"జేజి పోయి రెండేళ్లయింది."

"అయ్యో తల్లీ" అని చాట పక్కన పెట్టింది. "నోరు కరుకే గాని చెయ్యి మంచిది. కొలిచినాక ఎవురూ చూడకుండా ఇంగో దోసెడు పోసేది. చూస్తే ఆమెకు నామోషీ." ఆ సంగతి నాకే తెలియదు. తరువాత మా ఇంటి కుక్కనడిగింది, పెరట్లో మునగచెట్టునడిగింది, మా చిన్నాయన కుంటికాలు బాగయిందా అని అడిగింది. నేను అన్నిటికీ జవాబులు చెబుతూ, నన్ను ఎప్పుడడుగుతుందా అని ఎదురుచూస్తూ కూర్చున్నాను.

"ఆ ఇంట్లో ఒక బిడ్డ ఉండాది" అంది చివరికి. "తల్లి లేని బిడ్డ. దానికోసరమే నేను ఆ ఊరు వదల్లా. నా పక్కలో అన్నిటికన్నా దూరం అదే. ఆ ఒక్క ఊరు మానేయమ్మే అని మా వోళ్లంతా చెప్పినారు. ఎట్టా మానేది? నేనొస్తానని అది కాలవ తూము కాడ ఎండలో నిలబడుకోని ఉంటాది. నాకు దూరాన్నుంచే కనపడేది."

నేను తూము దగ్గర నిలబడేదాన్నన్న సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. నేనెవరికీ చెప్పలేదు. ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు ఆమె కంటే ముందుగా పరుగెత్తి వచ్చి, ఏమీ ఎరగనట్టు అరుగు మీద కూర్చునేదాన్ని. ఆమె చూసిందన్నమాట. ఇక ఆగలేకపోయాను.

"అవ్వా, ఆ బిడ్డను నేనే" అన్నాను.

ఆమె బోసినోటితో నవ్వింది. "నువ్వా? అది ఇంత ఉంటాది" అని ఇసుక మీద నుంచి చెయ్యి ఎత్తి చూపించింది. మోకాలెత్తు కంటే కొంచెం ఎక్కువ. "నీది పెద్ద గొంతు తల్లీ. నువ్వు ఆ ఇంటి కోడలివా?"

నేను ఆమె చెయ్యి తీసుకుని నా తలమీద పెట్టుకున్నాను. మెల్లగా నిమిరింది. ఎవరి తలనైనా అలాగే నిమిరేదేమో. కోడలు నా పక్కకు వంగి, "ఏమనుకోబాకక్కా. ఈ నడమ ఆమెకు అట్నే ఉండాది" అని మెల్లగా చెప్పింది. "మనుషులంతా గుర్తే. వాళ్లు పెద్దోళ్లయినట్టు మాత్రం గుర్తుండదు. మా ఇంటాయన్ని కూడా ఈడ కూసోబెట్టుకోని, మా అబ్బయ్య యాడ, ఇంకా ఒడ్డుకు రాలేదా అని ఆయన్నే అడగతాది."

మోకాళ్లు చెడి ఆమె నడక మానేశాక ఊర్లన్నీ కోడలికి వచ్చాయట. చంటిపిల్లలతో కోడలు దగ్గరి ఊర్లు మాత్రమే తిరిగింది. ఇప్పుడు బేరగాళ్లే ఒడ్డుకు వచ్చి కొనుక్కుపోతున్నారు కాబట్టి అవీ మానేసింది. గరిసె ఇంటి ఊరికి మాత్రం తానే పోతానని, దాన్ని ఎవరికీ ఇవ్వనని ముసలామె పట్టు. వెళ్లే ముందు నేను ఇన్నేళ్లూ అడగనిది అడిగాను, నీ పేరేందవ్వా అని. కావేరి అంది. పిల్లకు పెట్టింది ఆమె పేరేనట. అందుకే కోడలు ఆ పిల్లను పేరుతో పిలవకుండా పాపా, పాపా అంటున్నది.

దూరంగా కామాక్షమ్మగారు వస్తూ కనిపించారు. చీకటి పడితే పోలయ్య పడవ వేయడు. నేను లేస్తుంటే అవ్వ నా చీర చెంగు పట్టుకుంది.

"నువ్వు ఆ ఇంటికే గదా పోయేది? ఆ బిడ్డకు ఒక మాట చెప్తావా?"

"చెప్పవ్వా."

"మోకాళ్ల నొప్పులు, తగ్గినాక వస్తానని చెప్పు. అందాకా ఎండలో తూము కాడ నిలబడొద్దని చెప్పు. అవ్వ మర్సిపోయిందనుకోని ఏడస్తాది, పిచ్చిది. మర్సిపోలేదని చెప్పు."

"చెప్తానవ్వా."

"నువ్వు మర్సిపోబాక."

మరచిపోనని చెప్పి వచ్చేశాను. కామాక్షమ్మగారు రేవు దాకా నా చెయ్యి పట్టుకుని నడిచారు.

ఆ రాత్రి రైల్లో, ఆ తరువాత ఇన్ని వారాలుగా, నేను ఒకటే ఆలోచిస్తున్నాను. నేను బెంగపెట్టుకున్న మనిషి నాకంటే ఎక్కువగా నా కోసం బెంగపెట్టుకుని, నా ఎదురుగానే కూర్చుని ఉంది. నేను ఆమెను చూశాను, ఆమెకు మాత్రం నేను కనిపించలేదు. ఆమెకు కావలసిన బిడ్డ ఇప్పుడు ఎక్కడా లేదు, నాలో కూడా సగమే ఉంది. బాధగా లేదని అనను. కానీ ఇన్నేళ్లూ ఆమె నన్ను మరచిపోయి రావడం మానేసిందనుకున్నాను, అది నిజం కాదని తెలిసింది. వచ్చిన మర్నాడు పొద్దున్నే ఎవరూ లేవకముందు దగ్గర్లోనే ఉన్న మా పుట్టింటి ఊరికి వెళ్లి, కాలువ తూము దగ్గర నిలబడి, ఆమె చెప్పమన్న మాట పైకే చెప్పాను. నీళ్లు పట్టడానికి వచ్చిన పాలికాపు ఎవరితో మాట్లాడుతున్నావమ్మా అని అడిగితే, చెప్పాల్సినవాళ్లకే చెప్పానులే అన్నాను.

జువ్వలదిన్నె వైపు వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క సలహా. మేము చేసినట్టు పొద్దున పోయి సాయంత్రానికి తిరిగి రావాలని పెట్టుకోకండి. రేవు పడవ చీకటి పడితే ఉండదు, ఆ తొందరలో లేచి రావలసి వస్తుంది. ముందుగా కబురు పెడితే శేషయ్యగారు బడి పాకలో పడుకోవడానికి చాపలిస్తారు, మంచినీళ్లు కూడా అక్కడే దొరుకుతాయి. తిరుగు ప్రయాణం మర్నాటికి పెట్టుకోండి.